గేర్‌బాక్స్ కూలర్ పైపులు చేసి బిగించిన నా అనుభవం

మే నెలలో ఒక శనివారం కడప నుంచి రాయచోటిలోని మా అక్కగారింటికి వెళ్ళి, మరునాడు సాయంత్రానికి తిరిగి వచ్చాము. పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాటు ఎక్కుడులో బరువు లారీల వెనుక చాలాసేపు నడక వేగంతోనే పాకవలసి వచ్చింది. కారులో ఏడుగురం ఉన్నాము, ఏసీ పూర్తిగా నడుస్తోంది, బయట ఎండ మాడ్చేస్తోంది. దారిలో కారు ఏ ఇబ్బందీ పెట్టలేదు. సోమవారం ఉదయం దాన్ని వెనక్కి తీసి బయట పెట్టాక, పోర్టికోలో పరిచిన కడప బండ మీద ఇంజను నిలిచే చోట అరచేయంత తడి కనిపించింది. మాది నల్ల బండ కాబట్టి, దాని మీద పడినది ఏసీ నీరో, ఇంజనాయిలో, మరొకటో రంగును బట్టి చెప్పడం కుదరదు. పాత తెల్ల పంచె ముక్కతో అద్ది చూస్తే దానిమ్మ గింజ నలిపినట్టు ఎర్రటి మరక అంటుకుంది. వేళ్ళ మధ్య రాస్తే జిడ్డుగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కొద్దిగా మాడిన వాసన వచ్చింది. మా కారులో ఎర్ర రంగు ఆయిల్ రెండే చోట్ల ఉంటుంది. పవర్ స్టీరింగ్ డబ్బాలో కొలత తగ్గలేదు కాబట్టి, కారుతున్నది గేర్‌బాక్స్ ఆయిలేనని తేలిపోయింది.

మాది 2012 మోడల్ డీజిల్ బండి, టార్క్ కన్వర్టర్‌తో నడిచే ఆటోమేటిక్. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. మెకానిక్ పని నా వృత్తి కాకపోయినా, పదేళ్ళుగా ఆయిల్ మార్పులు, బ్రేకు ప్యాడ్లు, బెల్టులు వంటి పనులు ఇంట్లోనే చేసుకుంటున్నాను. వేసవి సెలవులు కావడంతో చేతిలో సమయం కూడా ఉంది.

పని సంగతి చెప్పే ముందు ఈ పైపులు దేనికోసమో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చిన్న లీకుగా తీసిపారేసేవారిని నేను చాలామందిని చూశాను. మామూలు గేరు బండిలో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ స్థానంలో ఆయిల్ నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ఇంజను వైపు ఉన్న రెక్కల చక్రం ఆయిల్‌ను విసురుతుంది, ఆ తాకిడికి గేర్‌బాక్స్ వైపు చక్రం తిరుగుతుంది. ఈ రెండింటి వేగాల్లో తేడా ఉన్నంతసేపు, ఆ తేడా మేరకు ఇంజను శక్తి ఆయిల్‌లో వేడిగా మారిపోతుంది. సాఫీ రోడ్డు మీద వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది కాబట్టి వేడి తగ్గుతుంది. ఘాటులో లారీ వెనుక పాకేటప్పుడు ఆ లాకప్ పట్టే వేగమే రాదు. అందుకే గేర్‌బాక్స్ లోపలి పంపు వేడెక్కిన ఆయిల్‌ను ఒక పైపు ద్వారా ముందుకు, రేడియేటర్ అడుగు తొట్టిలో అమర్చిన చిన్న కూలర్‌లోకి తోస్తుంది. అక్కడ చుట్టూ ఉన్న నీటికి వేడిని ఇచ్చి, ఆయిల్ రెండో పైపు ద్వారా వెనక్కి చేరుతుంది. మేము ఇంట్లో వాటిని పోయే పైపు, వచ్చే పైపు అని పిలుచుకుంటాము.

ఆ రెండింటిలో ఏది తెగినా, ఇంజను తిరుగుతున్నంతసేపు ఆ పంపు తానే ఆయిల్‌ను బయటికి తోసేస్తుంది. గేర్‌బాక్స్ లోపల గేర్లను పట్టి ఉంచే చిన్న క్లచ్‌లు పట్టు కోల్పోయి జారడం మొదలుపెడతాయి, జారిన క్లచ్ మాడడానికి ఎంతోసేపు పట్టదు. ఆ ఆయిల్ కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడితే మంట కూడా లేవవచ్చు. గేర్‌బాక్స్ విప్పి బాగు చేయించడానికి అయ్యే ఖర్చు ముందు ఈ పైపుల ఖర్చు లెక్కలోకి రాదు. అందుకే ఆ సోమవారం నుంచి పని పూర్తయ్యేదాకా కారును గేటు దాటించలేదు.

ముందు చక్రాలు జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి కిందికి వెళ్ళి చూశాను. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద దూరకూడదు. పోయే పైపు ఇంజను పక్కగా వచ్చే దారిలో ఒక రేకు క్లిప్పు దాన్ని పట్టుకుని ఉంది. ఆ క్లిప్పు లోపల ఉండవలసిన రబ్బరు ఎప్పుడో ఎండి రాలిపోయింది. ఇంజను వణికినప్పుడల్లా రేకు అంచు పైపును ఆకురాయిలాగా కొద్దికొద్దిగా అరగదీసింది. పైపును గుడ్డతో తుడిచి, టార్చి వేసి, ఇంజనును ఒక్క నిమిషం నడిపించమని మా అబ్బాయికి చెప్పి చూస్తే, అరిగిన గాడి మధ్యలో సూది మొనంత చోట ఎర్రని పూస ఒకటి ఊరి, పెద్దదై, పైపు వెంట జారి, అడుగున వంపు దగ్గర బొట్టుగా మారి కిందపడింది. అది పడేలోగానే ఇంకొక పూస మొదలైంది.

వచ్చే పైపు పరిస్థితి ఇంకా బాధ కలిగించింది. రెండేళ్ళ కిందట వేరే పని మీద ఒక వర్క్‌షాపులో కారు వదిలినప్పుడు, అక్కడెవరో ఆ పైపును మధ్యలో కోసి, జానెడు రేడియేటర్ హోసు ముక్క తొడిగి, రెండు క్లాంపులు బిగించి పంపారు. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. రేడియేటర్ హోసు నీటికీ కూలెంటుకూ పనికివచ్చే ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. వేడి నీటిని అది ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది. ఖనిజ నూనె తగిలితే మాత్రం ఉబ్బి, మెత్తబడి, లోపలి నుంచి పొరలుగా ఊడుతుంది. ఆ ముక్కను వేలితో నొక్కితే నానిన అట్టలాగా లోపలికి పోయింది. కోసిన పైపు కొసలకు హోసు జారకుండా ఆపే గట్టు కూడా తీయలేదు కాబట్టి, హోసు ఏ ఘాటులో జారిపోయినా ఆశ్చర్యపడవలసింది లేదు. చిల్లు పడిన పైపును అతికించే ఆలోచన అక్కడితో వదిలేశాను. రెండు పైపులనూ కొస నుంచి కొస వరకు కొత్తగా చేయాలని నిర్ణయించుకున్నాను.

కంపెనీ పైపుల కోసం అడిగితే ఆర్డరు పెట్టి వారాల తరబడి ఎదురుచూడాలన్నారు. ఏసీ పని చేసే తెలిసినవారొకరు రాగి గొట్టం వేసుకోమన్నారు, అది సులువుగా వంగుతుంది, ఊళ్ళోనే దొరుకుతుంది. ఆ మాట పట్టుకుని, లారీలకు డీజిల్ పైపులూ బ్రేకు పైపులూ చేసిపెట్టే ఒక భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నేను తీసుకెళ్ళిన రాగి ముక్కను ఒకసారి అటూ ఇటూ వంచి, మళ్ళీ వంచి, "చూసినారా సార్, వంచేకొద్దీ గట్టిపడతాది. ఇంజను వణుకుడుకు ఇట్లనే గట్టిపడి యాడో ఒకచోట చీలుతాది. దీంట్లో వద్దు" అన్నారు. నేను తరగతిలో ఏటా చెప్పే పాఠమే అది. లోహం పదేపదే వంగితే గట్టిపడి పెళుసుబారుతుందని పిల్లలకు చెబుతూనే, నా కారు దగ్గరకు వచ్చేసరికి మర్చిపోయాను.

మిగిలినవి రెండు. ఉక్కు గొట్టం బలమైనదే, అసలు పైపు కూడా ఉక్కుదే. కానీ చేతి పనిముట్లతో దానికి ఫ్లేరింగ్ కొట్టడం, అంటే కొసను గరాటులాగా విప్పడం, కొత్తవాడికి కష్టం. రాగిలో దాదాపు పదో వంతు నికెల్ కలిపిన కుప్రో నికెల్ గొట్టం రాగి కన్నా బలంగా ఉంటుంది, తుప్పు పట్టదు, ఉక్కు కన్నా తేలిగ్గా వంగుతుంది. బ్రేకు పైపులకు కూడా దాన్ని వాడతారు. కూలర్ పైపులో ఒత్తిడి బ్రేకు పైపులో ఉన్నదానితో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి బలం విషయంలో సందేహమే లేదు. పాత పైపు బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిస్తే 8 మిల్లీమీటర్లు వచ్చింది. అదే కొలతలో, 1 మిల్లీమీటరు మందంతో కుప్రో నికెల్ చుట్టను బెంగళూరు నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించుకున్నాను. గొట్టం వ్యాసం తగ్గించకూడదు. సన్నబడితే ఆయిల్ ప్రవాహం తగ్గి, కూలర్ ఉన్నా లేనట్టే అవుతుంది.

పాత పైపులు విప్పడానికి ముందు రోజు రాత్రే గేర్‌బాక్స్ దగ్గరి నట్లకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాను. ఇక్కడ రెండు పానాలు కావాలి. ఒకటి గేర్‌బాక్స్‌లోకి బిగించి ఉన్న యూనియన్‌ను, అంటే పైపును కలిపే మర ముక్కను, కదలకుండా పట్టుకోవడానికి, రెండోది పైపు నట్టును తిప్పడానికి. ఒకే పానాతో లాగితే యూనియన్ కూడా తిరిగి, అల్యూమినియం కేసింగ్‌లోని మర చెడుతుంది, ఆ నష్టాన్ని సరిచేయడం చాలా కష్టం. నట్టు మీద మామూలు ఓపెన్ పానా వేస్తే మూలలు అరిగిపోతాయి కాబట్టి, పైపు దూరడానికి ఒకవైపు చీలిక ఉండి మిగతా అంచులన్నింటినీ పట్టుకునే ఫ్లేర్ నట్ పానా వాడాను. ఏ పైపు పోయేదో, ఏది వచ్చేదో గుర్తుండేలా గేర్‌బాక్స్ మీదా రేడియేటర్ మీదా ముందే తెల్ల రంగుతో చుక్కలు పెట్టుకున్నాను. విప్పిన వెంటనే తెరుచుకున్న నాలుగు కొసలకూ శుభ్రమైన రబ్బరు మూతలు తొడిగాను. మే నెల గాలిలో మా వీధిలో లేచే దుమ్ము గేర్‌బాక్స్‌లో దూరితే, గేర్లు మార్చడానికి ఆయిల్‌ను దారి మళ్ళించే వాల్వు బాడీలో, వెంట్రుకవాసి ఖాళీలతో కదిలే వాల్వుల మధ్య ఇరుక్కుంటుంది. ఈ పని మొత్తంలో నాకు అన్నింటికన్నా ఎక్కువ భయం దుమ్ము గురించే కలిగింది.

పాత పైపులను కడిగి, పోర్టికోలో బండ మీద పెట్టి, సుద్దముక్కతో వాటి వెంట గీతలు గీశాను. నల్ల బండ మీద తెల్ల గీతగా పైపు ఆకారం నిలువెత్తున కనిపించింది, ప్రతి వంపు మొదలయ్యే చోటూ ముగిసే చోటూ అడ్డగీతలు పెట్టుకున్నాను. పైపు ఒకే తలంలో ఉండదు. గేర్‌బాక్స్ నుంచి కిందికి దిగి, పక్కకు తిరిగి, మళ్ళీ కొంచెం పైకి లేచి ముందుకు సాగుతుంది. ఆ లేవడం సుద్ద గీతలో కనపడదు కాబట్టి, లావుపాటి ఇనుప కట్టుతీగను పాత పైపు మీద పెట్టి దాని లాగానే వంచి, రెండో నమూనాగా ఉంచుకున్నాను. పొడవును ట్వైన్ దారం పైపు వెంట పరిచి కొలిచాను. పోయే పైపు 1 మీటరు 32 సెంటీమీటర్లు వచ్చింది. దానికి 10 సెంటీమీటర్లు కలిపి కోశాను, ఎందుకంటే వంపులన్నీ పూర్తయ్యాక కొసను తగ్గించుకోవచ్చు గానీ పెంచుకోలేము.

మొదటి ప్రయత్నం వృథా అయింది. గేర్‌బాక్స్‌కు దగ్గరి వంపు చాలా చిన్నది, గొట్టం వంచే పనిముట్టు బెండర్‌ను అక్కడికి తెచ్చేసరికి పక్క వంపు అడ్డం వచ్చింది. రెండు బొటనవేళ్ళతో నొక్కి వంచితే సరిపోతుందనుకున్నాను. వంపు లోపలి వైపు గొట్టం నొక్కుకుపోయి, గుండ్రటి నోరు చింతగింజ ఆకారంలోకి మారింది. చూడడానికి చిన్న నొక్కే, కానీ ఆయిల్ సాగే దారి అక్కడ సగానికి పైగా మూసుకుపోతుంది. దాన్ని పక్కన పెట్టి, రెండో గొట్టానికి వరుస మార్చాను. చిన్న వంపును బెండర్‌తో ముందే తీసి, తరువాత దాని నుంచి దూరంగా జరుగుతూ మిగతా వంపులు తీసుకుంటూ పోతే ఎక్కడా అడ్డం రాలేదు. ఏ వంపు వ్యాసార్ధమూ గొట్టం వ్యాసానికి మూడు రెట్ల కన్నా తక్కువ కాకుండా చూసుకున్నాను. ప్రతి వంపు తరువాతా బండ మీది గీతతో ఒకసారి, తీగ నమూనాతో ఒకసారి సరిపోల్చుకున్నాను.

ఫ్లేరింగ్ మాత్రం భాయ్ షెడ్‌లోనే, ఆయన పనిముట్లతో, ఆయన కళ్ళముందే చేశాను. దీన్ని నేర్చుకోవడానికి రెండు రోజులు వెళ్ళాను, ఈ పనిలో అంత సమయం పెట్టవలసిన చోటు ఇదొక్కటే. పైపు కొసను గరాటులాగా విప్పి, యూనియన్‌లోని కోను మీద కూర్చోబెట్టి, వెనుక నుంచి నట్టుతో నొక్కి పెడితే లోహం మీద లోహం ఒత్తుకుని లీకు ఆగుతుంది. ఆయిల్‌ను ఆపేది ఆ కోను, మర కాదు. నట్టు పని నొక్కి పట్టడం వరకే. అందుకే మర మీద టెఫ్లాన్ టేపు చుట్టడం వల్ల ఏ లాభమూ లేదు, పైగా దాని పోగు ఒకటి తెగి లోపలికి పోతే ఏదో ఒక వాల్వులో అడ్డం పడుతుంది. మా బండికి రెండు మడతల ఫ్లేరింగ్ కావాలి, అంటే కొసను ముందు లోపలికి మడిచి, ఆ మడత మీదుగా కోను తెరవాలి. ఒక్క పొర ఫ్లేరింగ్ వణుకుడుకు చీలిపోతుంది. ఒకే మర ఉన్న నట్లు వేర్వేరు ఆకారాల ఫ్లేరింగులకు వస్తాయి కాబట్టి, మర పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. పాత కొస, పాత నట్టు, యూనియన్ నోరు మూడూ చూసుకునే నిర్ణయించుకోవాలి.

హ్యాక్‌సాతో కోస్తే రజను లోపల పడుతుంది, కోత వంకరపోతుంది. చక్రం ఉన్న ట్యూబ్ కట్టర్‌తో కొద్దికొద్దిగా బిగిస్తూ చుట్టూ తిప్పి కోశాను. కోసిన చోట లోపలికి మడుచుకున్న పదునైన అంచును రీమర్ అనే గీకే పనిముట్టుతో తీసి, బయటి అంచును సన్నని ఆకురాయితో ఒక్కసారి తాకించాను. ఫ్లేరింగ్ కొట్టేటప్పుడు గొట్టాన్ని పట్టి ఉంచే బార్‌లో దాన్ని బిగించబోతుంటే భాయ్ నా చెయ్యి ఆపి, "నట్టు ఎక్కించినారా సార్ ముందు?" అని అడిగారు. ఎక్కించలేదు. ఫ్లేరింగ్ అయిన తరువాత ఆ కొస నుంచి నట్టు ఎక్కదు, రెండో కొస నుంచి తెద్దామంటే వంపులు దాటి రాదు. నట్టు ఎక్కించి, దాని ముఖం ఫ్లేరింగ్ వైపే ఉందో లేదో చూసి మొదలుపెట్టాను.

కొసను మొదట మడిచే అడాప్టర్ అనే చిన్న బిళ్ళ మీద ఉన్న మెట్టు ఎంత ఎత్తు ఉందో గొట్టం బార్ పైకి సరిగ్గా అంతే తేలాలి. ఒక చుక్క ఆయిల్ వేసి, స్క్రూ తిప్పుతూ అడాప్టర్ భుజం బార్‌కు ఆనేదాకా దించాను. తీసి చూస్తే కొస చిన్న పుట్టగొడుగు తలలాగా ఉబ్బి ఉంది. అడాప్టర్ తీసేసి కోనును మళ్ళీ నెమ్మదిగా దించితే ఆ తల లోపలికి మడుచుకుని రెండు పొరల గరాటుగా తెరుచుకుంది. నేను తుక్కు ముక్కల మీద కొట్టిన మొదటి మూడింటిలో ఒకటి పక్కకు ఒరిగింది, ఒకదాని అంచులో భూతద్దంతో చూస్తేనే కనిపించే వెంట్రుక గీత పడింది. భాయ్ ఆ గీతను గోటితో తడిమి, "ఇది ఈ పొద్దు కారదు సార్, వచ్చే ఎండాకాలం కారుతాది" అని పక్కన పారేశారు. నాలుగోది చుట్టూ ఒకే వెడల్పుతో, గీత లేకుండా, నునుపుగా వచ్చింది. దానిలాంటిదే మరొకటి వచ్చాకే అసలు పైపు మీద కొట్టాను.

రేడియేటర్ వైపు కొసకు నట్టు లేదు, అక్కడ రబ్బరు హోసు తొడగాలి. ఫ్లేరింగ్‌లో మొదటి దశ వరకే చేసి ఆపితే వచ్చే ఆ ఉబ్బే అక్కడ హోసు జారకుండా ఆపే గట్టుగా పనికివస్తుంది. పైపును చివరిదాకా లోహంతోనే చేయకుండా ముందు భాగంలో రబ్బరు ఎందుకంటే, గేర్‌బాక్స్ ఇంజనుతో కలిసి ఊగుతుంది, రేడియేటర్ బాడీకి బిగించి ఉంటుంది. ఈ రెండింటినీ గట్టి పైపుతో కలిపేస్తే ఊగిన ప్రతిసారీ ఆ బలమంతా రేడియేటర్ తొట్టి మీద పడి, ఏదో ఒక రోజు అక్కడ పగులుతుంది. హోసు కొనేటప్పుడు దాని మీద ఎస్‌ఏఈ జె1532 అని అచ్చు ఉన్నదే తీసుకున్నాను, అది ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ హోసులకు ఉన్న ప్రమాణం. ఆయిల్ హోసు అంటే ఏదో ఒకటి కోసి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి, అచ్చు చదివిన తరువాతే డబ్బు ఇవ్వడం మంచిది.

రెండో పైపును మొదటి పైపుతో గడించిన అనుభవంతో ఒక్క పూటలో పూర్తిచేశాను. తరువాత రెండింటి లోపలా కంప్రెసర్ గాలి కొట్టి, దారానికి కట్టిన గుడ్డ పేలికను ఈ కొస నుంచి ఆ కొసకు లాగి, బ్రేక్ క్లీనర్ పోసి ఆరబెట్టాను. పేలిక మూడోసారి తెల్లగా వచ్చింది. ఒక కొస మూసి, రెండో కొస నుంచి రెండు మూడు బార్ల ఒత్తిడితో గాలి పట్టించి, పంక్చర్ షాపులో ట్యూబును ముంచినట్టు నీళ్ళ తొట్టిలో ముంచి చూశాము. ఒక్క బుడగ కూడా రాలేదు.

పైపులు బిగించే ముందు రేడియేటర్‌లోని కూలర్‌ను కడగవలసి వచ్చింది, ఎందుకంటే ఆ ఉబ్బిన హోసు రబ్బరు ముక్కలు ఎటు పోయాయో తెలియదు. ఆయిల్ సాగే దిశకు ఎదురుగా, వచ్చే పైపు నోటి నుంచి కొత్త ఆయిల్‌ను చేతి పంపుతో తోసి, పోయే పైపు నోటి దగ్గర తెల్ల గుడ్డ పట్టాను. ఆవగింజంత నల్లటి ముక్కలు పదిహేను దాకా పడ్డాయి. గుడ్డ మీద నలిపితే కాటుకలాగా సాగాయి. ముక్కలు రావడం ఆగేదాకా కడిగాను. రేడియేటర్ మూత తీసి కూలెంటులో నూనె తెట్టె ఉందేమో కూడా చూశాను. లోపలి కూలర్ చిల్లుపడితే నీరూ ఆయిలూ కలిసి గులాబీ రంగు మజ్జిగలాగా తయారవుతాయి, అప్పుడు రేడియేటర్‌తో పాటు గేర్‌బాక్స్ గురించి కూడా దిగులు పడాలి. మా కూలెంటు శుభ్రంగా ఉంది.

బిగించడానికి భాయ్ కూడా ఇంటికి వచ్చారు. "చేత్తో మూడు చుట్లన్నా తిరగల్ల సార్, అప్పుడే పానా పెట్టల్ల. యాడా బలవంతం చేయద్దు" అన్నది ఆయన మాట. పైపు దానంతట అది తన చోట కూర్చోవాలి. లాగి పట్టుకుని నట్టు ఎక్కిస్తే ఆ బిగువు ఫ్లేరింగ్ మీద ఎప్పటికీ ఉండిపోతుంది. వచ్చే పైపు కొస యూనియన్‌కు అర సెంటీమీటరు పక్కకు ఉంటే, దాన్ని బయటికి తీసి, వంపును కొంచెం సరిచేసి మళ్ళీ పెట్టాను. నట్లు రెండూ చేత్తో ఎక్కించి, క్లిప్పులన్నీ వదులుగా తగిలించి, పైపులు సరైన చోట నిలిచాయని చూసుకున్న తరువాత నట్లు బిగించాను, చివరగా క్లిప్పులు బిగించాను. పాత రేకు క్లిప్పుల స్థానంలో రబ్బరు పొర ఉన్నవి వేశాను. సైలెన్సర్ గొట్టానికీ, ఫ్యాను బెల్టుకూ, స్టీరింగ్ రాడ్డుకూ ఎక్కడా రెండు వేళ్ళ ఎడం తగ్గకుండా చూసుకున్నాను. హోసు కొసలను గేర్‌బాక్స్ ఆయిల్‌తోనే తడిపి, గట్టు దాటి అంగుళానికి పైగా తోసి, క్లాంపును గట్టు వెనుక బిగించాను. క్లాంపు గట్టు మీదే కూర్చుంటే హోసు కోసుకుపోతుంది.

పోయిన ఆయిల్ సుమారు లీటరున్నర ఉంటుందని కొలిచి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే అంతే పోసి ఇంజను స్టార్టు చేశాము. బ్రేకు మీద కాలు పెట్టి మా అబ్బాయి పార్కు నుంచి డ్రైవు దాకా ఒక్కొక్క గేరులో కొద్ది సెకన్లు ఆపుతూ రెండుసార్లు మార్చాడు. నేను కారు పక్కన కూర్చుని టార్చితో ప్రతి జాయింటునూ చూస్తూ ఉన్నాను. తరువాత వచ్చే పైపు హోసును రేడియేటర్ వైపు విప్పి, కూలర్ నోటికి మరో హోసు తగిలించి లీటరు సీసాలో పెట్టి, ఐడిల్‌లో 20 సెకన్లు మాత్రమే నడిపి ఆపాము. సీసా దాదాపు నిండింది. అంటే దారి ఎక్కడా మూసుకుపోలేదన్నమాట. ఈ పరీక్షను అంతకన్నా ఎక్కువసేపు చేస్తే గేర్‌బాక్స్‌లో ఆయిల్ తక్కువపడుతుంది, బయటికి వచ్చినంత ఆయిల్‌నూ వెంటనే తిరిగి పోసెయ్యాలి. ఆయిల్ వేడెక్కాక, సమతలం మీద, ఇంజను నడుస్తుండగానే ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి హాట్ గుర్తు వరకు సరిచేశాను. చల్లగా ఉన్నప్పుడే ఆ గుర్తు దాకా నింపితే, వేడెక్కి వ్యాకోచించాక ఎక్కువైపోతుంది.

మొదట దేవుని కడప దాకా వెళ్ళి వచ్చి కింద చూశాను, పొడిగా ఉంది. రెండు రోజుల తరువాత తెల్లవారుజామున కాకుండా, కావాలనే మధ్యాహ్నం రెండు గంటలకు ఘాటుకు బయలుదేరాము. ఈసారి కూడా లారీలు ఉన్నాయి. పైన గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ళ దగ్గర బండి పక్కకు తీసి, ఇంజను ఆపకుండానే బానెట్ ఎత్తి, రేడియేటర్ దగ్గర హోసుల మీద లేజరు థర్మామీటరు పెట్టాను. పోయే హోసు మీద 92 డిగ్రీలు, వచ్చే హోసు మీద 76 డిగ్రీలు చూపించింది. రబ్బరు పైన కొలిచినది కాబట్టి లోపలి ఆయిల్ వేడి ఇంకొంత ఎక్కువే ఉంటుంది. అయినా రెండింటి మధ్య ఆ తేడా కనిపించిందంటే కూలర్ తన పని చేస్తున్నట్టే. మా ఘాటులో తరచూ నిండు బరువుతో తిరిగేవారికి ఏసీ కండెన్సర్ ముందు మరో చిన్న కూలర్ అవసరమవుతుంది. దాన్ని రేడియేటర్ తరువాత, వచ్చే పైపు దారిలో అమర్చుకోవాలి. నాకు ఈ తేడా చూశాక ఇప్పటికి అక్కర్లేదనిపించింది.

ఇంటికి వచ్చాక రాత్రంతా ఇంజను కింద తెల్ల అట్టపెట్టె విప్పి పరిచాను, నల్ల బండను నమ్ముకోదలచుకోలేదు. ఉదయం అట్ట మీద ఏసీ నీటి వలయం ఒకటి తప్ప మరేమీ లేదు. 1000 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ స్టాండ్ల మీద ఎక్కించి చూస్తే, నట్లు రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. హోసు రబ్బరు సర్దుకోవడం వల్ల ముందువైపు క్లాంపు ఒకటి కొద్దిగా వదులైంది, దాన్ని పావు చుట్టు బిగించాను. పాత పైపును చిల్లు పడిన చోట నిలువుగా కోయించి భాయ్‌కి ఇచ్చాను. రేకు క్లిప్పు అరగదీసిన గాడి దగ్గర గోడ కాగితమంత పలచబడి ఉంది. పైపులు చేయించుకోవడానికి వచ్చే డ్రైవర్లకు చూపించడానికి ఆయన దాన్ని షెడ్‌లో వైసు పక్కన మేకుకు తగిలించారు.